లవో పాటలే గానీ లవో రాసినవి కావు: ట్రిబ్యూట్ ఆల్బమ్‌లో ఎవరి పేరు వెయ్యాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజమండ్రి, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నా. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నా, ఇక్కడికొచ్చాక కాంగాలు (చేత్తో వాయించే పొడుగు డ్రమ్ములు) పట్టుకున్నా, పోర్టో రికో, కొలంబియా ఫ్రెండ్స్‌తో ఒక సల్సా (లాటిన్ డాన్స్ సంగీతం) బ్యాండ్‌లో వాయిస్తున్నా. పోర్టో రికో సల్సా గాయకుడు ఎక్తోర్ లవోకి ట్రిబ్యూట్‌గా తొమ్మిది పాటలు రికార్డ్ చేశాం, 300 సీడీలు కొట్టిద్దామని, మిగతాది స్ట్రీమింగ్. అప్‌లోడ్ ఫారంలో ప్రతి పాటకీ సాంగ్‌రైటర్ అని ఒక కాలమ్ ఉంది. ట్రిబ్యూట్ ఆయనకే కదా అని అన్నిటికీ లవో పేరు కొట్టేద్దాం అన్నాను నేను. మా పియానిస్ట్ ఏమో అరేంజ్‌మెంట్లన్నీ నావే, రైటర్‌గా నా పేరు కూడా రావాలి అంటున్నాడు. పాత ఎల్పీల ఫోటోలు చూస్తే కొన్ని పాటల కింద డి.ఆర్. అని ఉంది, ఆయనెవరో తెలీదు, మా ట్రాంబోన్ అతన్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఇంకోటి, మి హెంతే పాటలో నేను నాలుగు లైన్లు తెలుగు కోరస్ పెట్టాను. స్టూడియోలో తీసిన వీడియో కూడా ఉంది. పాటల లిస్టు, నిడివులు పంపిస్తున్నా, ఎల్ కాంతాంతే మాది 9 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. ఏం చెయ్యమంటారు? – కాంగా కుర్రాడు

జవాబు: కాంగా కుర్రాడు గారూ, ముందు ఆ ఫారం సబ్మిట్ కొట్టకండి, ఆల్రెడీ కొట్టేసుంటే రిలీజ్ డేట్ వెనక్కి జరిపి డ్రాఫ్ట్‌లోకి లాగెయ్యండి. మీ లిస్టు చూశాను. తొమ్మిది పాటల్లో లవో పేరు రైటర్‌గా రావాల్సింది ఒకే ఒక్కదానికి, అది అగ్వానిలే, అది కూడా ఆయన బ్యాండ్‌లీడర్ విల్లీ కోలోన్‌తో కలిపి. మిగతా ఎనిమిదీ వేరేవాళ్ళవి.

పాడినాయన పేరుతోనే పాటని పిలవడం మనకీ అలవాటే కదా, ఘంటసాల పాట అంటాం బాలు పాట అంటాం, రాసింది ఆత్రేయో వేటూరో ఎవరన్నా గుచ్చి అడిగితే తప్ప చెప్పం. మాటల్లో అది నడిచిపోద్ది. ఫారంలో నడవదు, ఎందుకంటే డబ్బు ఎవరికి పోవాలో తేల్చేది ఆ కాలమే. అమెరికాలో స్ట్రీమింగ్ మెకానికల్ రాయల్టీలు (రికార్డైన పాట కాపీలకి పాట రాసినవాళ్ళకి చెల్లాల్సిన డబ్బు) పంచే సంస్థ పేరు ఎం.ఎల్.సి. (మన మండలి ఎమ్మెల్సీలు కాదు లెండి), 2021 నుంచి పని చేస్తోంది, వాళ్ళు పాట పేరు, రైటర్ పేరు, రికార్డింగ్ కోడ్ ఇవన్నీ చూసుకుని ఈ రికార్డింగ్ ఫలానా పాటది అని జత చేస్తారు. జత కుదరకపోతే డబ్బు అక్కడే పడుంటుంది. ఆ సంస్థ మొదలైన ఏడాదే స్ట్రీమింగ్ కంపెనీలు వాళ్ళకి అప్పజెప్పిన పాత, జత కుదరని రాయల్టీలు 42 కోట్ల డాలర్లు దాటాయి. మీరు తొమ్మిదింటికీ లవో అని కొడితే ఇంకో నాలుగు చిల్లర పైసలు ఆ కుప్పలో చేరతాయి, రాసినవాళ్ళ కుటుంబాలకి మాత్రం ఏమీ చేరదు.

సరే, ఒక్కో పాటా చూద్దాం. ఎల్ కాంతాంతే రాసింది పనామా ఆయన రూబెన్ బ్లేడ్స్. తను పాడుకుందామని రాసుకున్నది, కోలోన్ చెప్తే లవోకి ఇచ్చేశాడు, 1978లో కొమేదియా ఆల్బమ్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆ పాట లవోకి ఎంతలా అతుక్కుపోయిందంటే ఆయన జీవితం మీద తీసిన సినిమాకి కూడా అదే పేరు పెట్టారు, మార్క్ ఆంథోనీ లవోగా చేసింది. అయినా రైటర్ దగ్గర బ్లేడ్సే. మి హెంతే జానీ పచేకోది, 1964లో జెర్రీ మసూచీతో కలిసి ఫానియా అనే సల్సా రికార్డుల కంపెనీ పెట్టినాయన. పెరియోదికో దె ఆయెర్, హువానితో అలిమాన్యా రెండూ తీతె కురేత్ అలోన్సోవి, ఈయన గురించి కింద కాస్త ఎక్కువ చెప్తా. ఎంబొర్రాచామె దె ఆమోర్ పెరూ ఆయన మారియో కవన్యారోది. త్రిస్తే ఇ వాసీయా లూయిస్ లోపెస్ కబాన్. రోంపె సరాగ్వే క్యూబా పాట, విర్హీలియో గొన్సాలెస్ రాసింది, లవో కంటే ముందే క్యూబాలో చప్పోతీన్ బ్యాండ్ వాయించింది. చె చె కోలే విల్లీ కోలోన్ పేరు మీద ఉంటుంది, దాని మూలం మాత్రం ఘనాలో పిల్లలు ఆడుకుంటూ పాడుకునే పాట. జానపదం కదా అని మీరు దాన్ని సంప్రదాయ గీతం అని కొట్టకండి. మీరు వాయించింది ఘనా పిల్లల పాట కాదు, కోలోన్ కట్టిన సల్సా. కాబట్టి ఫారంలో కోలోన్ పేరు, సీడీ బుక్‌లెట్‌లో ఘనా సంగతి ఒక లైను, అలా చేస్తే ఇద్దరికీ న్యాయం.

ఇప్పుడు డి.ఆర్. సంగతి. మీ ట్రాంబోన్ అతను నవ్వాడంటే నవ్వడా మరి, అది మనిషి కాదు, స్పానిష్‌లో హక్కులు రిజర్వ్ చేయబడ్డాయి అనే ముక్కకి పొడి అక్షరాలు. ఆ రోజుల్లో ఫానియా లాంటి న్యూయార్క్ లేబుల్స్ క్యూబా పాటలు తెగ రికార్డ్ చేశాయి, అమెరికా క్యూబా మీద ఆంక్షలు పెట్టాక అక్కడి రచయితలకి డబ్బు పంపే దారి మూసుకుపోయింది, దాంతో రైటర్ పేరు ఉండాల్సిన చోట ఈ రెండక్షరాలు కొట్టి వదిలేశారు. కొన్నిసార్లు నిజంగానే ఎవరు రాశారో తెలీక, చాలాసార్లు తెలిసినా సరే, ఎవరూ అడగరు కదా అని. నన్నడిగితే ఆ కాలం సల్సా రికార్డుల మీద ఇంతకంటే సిగ్గుచేటు అక్షరాలు లేవు, హవానాలో బతికున్న మనిషి పాట న్యూయార్క్‌లో వేలల్లో అమ్ముడవుతుంటే ఆయన పేరు కూడా లేదు. అందుకే చెప్తున్నా, పాత ఎల్పీ అట్ట చూసి పేర్లు కాపీ కొట్టకండి. ఆ తప్పునే మీరు మళ్ళీ 300 సీడీల మీద అచ్చేసినట్టవుద్ది.

మరి ఎక్కడ చూడాలి అంటే, పాటల రచయితల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఆస్కాప్, బీఎంఐ రెండూ కలిసి నడిపే సాంగ్‌వ్యూ అనే సెర్చ్ ఉంది, ఎం.ఎల్.సి. వాళ్ళ పబ్లిక్ సెర్చ్ ఉంది, రెండూ ఫ్రీ. పాట పేరు ఒక్కటే కొడితే అదే పేరుతో బోలెడు పాటలు వస్తాయి, ఎల్ కాంతాంతే అంటే గాయకుడు అనే కదా, ఆ పేరు ఎవడైనా పెట్టుకుంటాడు, కాబట్టి పాట పేరుతో పాటు రైటర్ ఇంటిపేరు కూడా కొట్టండి. దొరికిన రికార్డులో మూడు సంగతులు నోట్ చేసుకోండి, రైటర్ల పూర్తి పేర్లు, పబ్లిషర్ (రాసినవాళ్ళ తరఫున పాట హక్కులు చూసుకునే కంపెనీ) పేరు, టీ అక్షరంతో మొదలయ్యే ఐ.ఎస్.డబ్ల్యు.సి. నంబరు. ఈ నంబరు పాటది, వెయ్యి మంది కవర్ చేసినా అదే ఉంటుంది. మీ రికార్డింగ్‌కి వచ్చేది ఐ.ఎస్.ఆర్.సి., అది వేరు, దాన్ని మీ డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. ఒరిజినల్ ఫానియా రికార్డింగ్ ఐ.ఎస్.ఆర్.సి. ఎక్కడో దొరికింది కదా అని తెచ్చి మీదానికి పెట్టారనుకోండి, మీ వ్యూస్ వెళ్ళి లవో ఖాతాలో కలుస్తాయి, లేదా మీ ట్రాకే లేపేస్తారు.

పేర్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. జనం నోట్లో ఉన్న పేరు, రిజిస్టర్‌లో ఉన్న పేరు ఒకటి కాకపోవచ్చు. తీతె కురేత్ అసలు పేరు కతలీనో కురేత్ అలోన్సో. జానీ పచేకో అసలు పేరు హువాన్, విల్లీ అంటే విలియం, లవో కూడా పుట్టుకతో లవో కాదు, ఎక్తోర్ పేరెస్, గొంతు బాగుందని తగిలించిన స్టేజీ పేరు అది. ఫారంలో రిజిస్టర్ పేరు కొట్టండి, సీడీ మీద జనానికి తెలిసిన పేరు వేసుకోండి. పైగా స్పానిష్ వాళ్ళకి ఇంటిపేర్లు రెండు, ముందు తండ్రిది తర్వాత తల్లిది. మన ఐటీ వాళ్ళ అలవాటు ప్రకారం చివరి మాట తీసి లాస్ట్ నేమ్ గడిలో పెట్టేస్తే కురేత్ కాస్తా అలోన్సో అయిపోతాడు, సెర్చ్‌లో ఎవరికీ దొరకడు. రెండూ కలిపే లాస్ట్ నేమ్‌లో పెట్టండి. కోలోన్‌లో రెండో ఓ మీద గీత కూడా వదలకండి.

కురేత్ గురించి చెప్తానన్నా కదా. 1926లో పోర్టో రికోలోని గ్వాయామాలో పుట్టాడు, ఏళ్ళ తరబడి పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తూ పాటలు రాశాడు, రెండు వేల దాకా ఉంటాయంటారు. చెయో ఫెలిసియానోకి అనకవోనా, బ్లేడ్స్ గొంతులో ప్లాంతసియోన్ ఆదెంత్రో, లవోకి మీరు వాయించిన ఆ రెండూ, ఇలా ఫానియా హిట్లు సగం తీసి చూస్తే కింద ఈయన పేరే కనపడుద్ది. అలాంటాయన పాటలు 1990ల మధ్య నుంచి 2009 దాకా సొంత ద్వీపంలో రేడియోలో దాదాపుగా వినపడలేదు. ఎందుకు? సెన్సార్ కాదు, నిషేధం కాదు. పాటల హక్కులు ఎవరివి, లైసెన్స్ ఫీజు ఎవరికి కట్టాలి అని గొడవ, కోర్టు నోటీసులు, దాంతో స్టేషన్ల వాళ్ళు మనకెందుకొచ్చిన తంటా అని ఆయన పాటలు వెయ్యడమే మానేశారు. ఆ మధ్యలోనే 2003లో బాల్టిమోర్‌లో ఆయన పోయాడు. పోయాక ఆరేళ్ళకి హక్కులు చేతులు మారి గొడవ తేలాక గానీ పాటలు మళ్ళీ గాల్లోకి రాలేదు. మీ ఆల్బమ్‌లో రెండు ఆయనవి కాబట్టి పబ్లిషర్ ఎవరన్నది ఆ రెండింటికీ ఇప్పుడున్న రికార్డులోనే చూసుకోండి, పాత సీడీ బుక్‌లెట్‌లో ఉన్న కంపెనీ పేరు ఇప్పుడు చెల్లకపోవచ్చు.

ఇక మీ పియానిస్ట్. ఆయన బాధ నాకర్థమయింది, సల్సాలో అరేంజర్ అంటే మాటలా, ట్రాంబోన్లకి ఏం రాయాలి, మంబో (వాద్యాల భాగం) ఎక్కడ పడాలి, మోన్యా (ట్రాంబోన్లు మళ్ళీ మళ్ళీ వాయించే ముక్క) ఎన్నిసార్లు తిప్పాలి ఇదంతా కూర్చుని రాసింది ఆయన, రాత్రులు పోయాయి. కానీ అమెరికా కాపీరైట్ చట్టంలో 115వ సెక్షన్ అని ఉంది, ఆల్రెడీ రిలీజైన పాటని ఎవరైనా రాయల్టీ కట్టి కవర్ చేసుకోవచ్చు అనేది దాంట్లోనే ఉంది, దాంట్లోనే ఇంకో ముక్క కూడా ఉంది: మీ స్టైల్‌కి తగ్గట్టు అరేంజ్ చేసుకోవచ్చు, కానీ అసలు ట్యూన్‌నీ పాట స్వభావాన్నీ మార్చకూడదు, ఆ అరేంజ్‌మెంట్ మీద హక్కుదారు ఒప్పుకుంటే తప్ప విడిగా కాపీరైట్ రాదు. అంటే ఆయనకి అరేంజర్ క్రెడిట్ నిక్షేపంగా ఇవ్వొచ్చు, పెద్దక్షరాలతో వేసుకోండి, ఆల్బమ్ ఆదాయంలో వాటా కూడా మీలో మీరు మాట్లాడుకుని రాసుకోండి, మంచిదే. రైటర్ కాలమ్‌లో మాత్రం పేరు పడకూడదు. పడితే బ్లేడ్స్ వాటాలోంచో పచేకో వాటాలోంచో తీసుకుంటున్నాం అని మనమే రాసిచ్చినట్టు, వాళ్ళ పబ్లిషర్ ఊరుకోడు.

ఇంకో మాట, ఇది ఆయన్ని సూటిగా అడగండి. ఎల్ కాంతాంతేలో మీవాళ్ళు వాయించే ఆ స్ట్రింగ్స్ లైన్లు నిజంగా ఆయన రాసినవా, లేక రికార్డ్ విని దింపినవా? పాత రికార్డ్‌లో అరేంజ్‌మెంట్ విల్లీ కోలోన్‌ది. విని దింపినదైతే అరేంజ్‌మెంట్ విల్లీ కోలోన్, నొటేషన్ దింపింది ఫలానా అని వెయ్యాలి. ట్రిబ్యూట్ బ్యాండ్లలో సగం మంది ఇక్కడే కళ్ళు మూసుకుంటారు, రైటర్ పేరు జాగ్రత్తగా వేసి అరేంజర్ దగ్గర తమ పేరు తోసేస్తారు. పాత సల్సా వాళ్ళు వింటే రెండు ఆవర్తాల్లో పట్టేస్తారు.

మీ సింగర్ మోంతూనోలో (పాట రెండో సగంలో కోరస్, లీడ్ సింగర్ మార్చి మార్చి పాడే భాగం) అప్పటికప్పుడు అల్లే సోనెయోల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పద్ధతే సల్సాది, కోరస్ వాళ్ళు ఒక లైను పట్టుకుని ఉంటే లీడ్ సింగర్ మధ్యలో తన మాటలు వేస్తూ పోతాడు, మీ న్యూజెర్సీలో ఎడిసన్ ఊరి పేరు చెప్తాడు, కాంగా వాయించేవాడి పేరు చెప్తాడు. దానికి ఎవరూ రైటర్ వాటా అడగరు, మీరూ అడక్కండి.

తెలుగు కోరస్ మాత్రం అలా కాదు. మీరు పెట్టింది అప్పటికప్పుడు అన్న మాట కాదు, పచేకో రాసిన కోరస్ స్థానంలో ఇంకో భాషలో కొత్త సాహిత్యం. ఇందాక చెప్పిన 115వ సెక్షన్ దీన్ని కవర్ చెయ్యదు, పబ్లిషర్‌కి మెయిల్ పెట్టి విడిగా పర్మిషన్ తీసుకోవాలి. మెయిల్‌లో నాలుగు లైన్లూ, దాని అర్థం ఇంగ్లీష్‌లో, ఎన్ని సెకన్ల దగ్గర వస్తుందో, ఆడియో లింకు, అన్నీ ఒకేసారి పెట్టండి, వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేలా పెట్టుకోకండి. ఒప్పుకున్నా చాలామంది వంద శాతం రైటర్ వాటా మాదే అంటారు, అప్పుడు తలూపెయ్యండి, తెలుగు లైన్లు ఫలానా అని బుక్‌లెట్‌లో మీ పేరు వేసుకుంటే చాలు కదా. భాష మారినంత మాత్రాన పాట మనదైపోదు అనడానికి ఇదే సల్సా ప్రపంచంలో మంచి ఉదాహరణ ఉంది, సెలియా క్రూస్, విల్లీ కోలోన్ కలిసి 1977లో పాడిన ఉస్తెద్ అబుసో. స్పానిష్‌లో దుమ్ము దులిపింది, అసలుది బ్రెజిల్ పాట, పోర్చుగీస్‌లో అంతోనియో కార్లోస్, జొకాఫీ అనే జంట రాసింది, రచయితలు వాళ్ళే. జవాబు రాకపోతే ఆల్బమ్ ఆగిపోకుండా అదే పాటకి స్పానిష్ కోరస్‌తో ఇంకో టేక్ తీసి దగ్గర పెట్టుకోండి. ఎలాగూ మీ కోరస్ వాళ్ళకి అది నోటికొచ్చు, అరగంట పని.

డబ్బు లెక్క అంత భయపడేదేం కాదు. స్ట్రీమింగ్‌కి మెకానికల్ రాయల్టీ అమెరికాలో ఆ ప్లాట్‌ఫారమే ఎం.ఎల్.సి.కి కడుతుంది, మీరు చెయ్యాల్సిందల్లా పేర్లు కరెక్ట్‌గా ఇవ్వడం. సీడీలకి మాత్రం మీరే కట్టాలి. 2025 రేటు ప్రకారం అయిదు నిమిషాల లోపు పాటకి ఒక్కో కాపీకి 12.7 సెంట్లు, అయిదు దాటితే నిమిషానికి 2.45 సెంట్లు, నిమిషంలో ముక్క మిగిలినా పూర్తి నిమిషం కిందే లెక్క. జనవరికల్లా రేటు మారుద్ది కాబట్టి సీడీలు కొట్టించే ఏడాది రేటు చూసుకోండి. మీ ఎల్ కాంతాంతే 9 నిమిషాల 40 సెకన్లు అంటే పది నిమిషాలు, 24.5 సెంట్లు, 300 కాపీలకి 73 డాలర్ల 50 సెంట్లు. అయిదు నిమిషాల లోపు పాటైతే 38 డాలర్ల చిల్లర. మీ లిస్టులో సగం పాటలు ఏడెనిమిది నిమిషాలు ఉన్నాయి, సల్సా కదా, మోంతూనో మొదలయ్యాక ఎవరూ ఆపరు, ఆపాలనిపిస్తే డబ్బు కోసం ఆపకండి, పాట బాగుండటం కోసం ఆపండి. లైసెన్స్ తీసుకోడానికి హ్యారీ ఫాక్స్ అనే లైసెన్సింగ్ ఏజెన్సీ వాళ్ళ సాంగ్‌ఫైల్ ఉంది, 25 నుంచి 2,500 కాపీల దాకా ఆన్‌లైన్‌లోనే అయిపోద్ది, ఒక్కో పాటకి వాళ్ళ ప్రాసెసింగ్ ఫీజు విడిగా ఉంటుంది, దాన్ని మర్చిపోయి బడ్జెట్ వేసుకోకండి. తొమ్మిదీ అక్కడ దొరకాలని లేదు, దొరకనివాటికి పబ్లిషర్‌నే నేరుగా అడగాలి. మెడ్లీ (కొన్ని పాటల ముక్కలు కలిపి ఒకటిగా) ఏమన్నా చేస్తే అందులో ఉన్న ప్రతి పాటకీ విడిగా లైసెన్సు, విడిగా పేర్లు.

ఇది చదివి హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో కవర్ ఆల్బమ్ వేద్దాం అనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక, మన దేశంలో రూలు ఇది కాదు. ఇక్కడ కవర్ వెర్షన్లకి కాపీరైట్ చట్టంలో 31సీ సెక్షన్ ఉంది, పాట మొదట రికార్డైన ఏడాది ముగిశాక అయిదేళ్ళు ఆగాలి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. 300 సీడీల బ్యాండ్‌కి అది అయ్యే పని కాదు, హక్కుదారుతో నేరుగా మాట్లాడుకోవడమే దారి.

చివరిగా యూట్యూబ్. స్టూడియోలో తీసిన వీడియో ఉందన్నారు, పైన చెప్పిన లైసెన్సులేవీ దానికి పనికిరావు. బొమ్మతో పాట కలిపితే సింక్ లైసెన్స్ అని ఇంకోటి, అది పబ్లిషర్ ఇష్టం, రేటూ వాళ్ళిష్టం, ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. పచేకో పబ్లిషర్‌కి తెలుగు కోరస్ కోసం ఎలాగూ రాస్తున్నారు కాబట్టి వీడియో సంగతి కూడా అదే మెయిల్‌లో అడిగెయ్యండి, మిగతా పాటల వీడియోలు జవాబులు వచ్చినకొద్దీ ఒక్కోటి వదలండి. ఆడియోని దీనికోసం ఆపక్కర్లేదు, పేర్లు సరిచేసి సీడీ లైసెన్సులు చేతికొస్తే అప్‌లోడ్ కొట్టెయ్యండి.